పసివానికి మందెంత?

తాలూకా ఆసుపత్రిలో కాంపౌండరుగా జీవితమంతయు గడపి విశ్రాంతి గైకొనిన మేనమామకును, పిల్లల వైద్యమున పట్టము పొంది పట్టణమున వైద్యము చేయుచు సెలవునకు ఊరు వచ్చిన మేనకోడలికిని నడిచిన వాదమిది. పొరుగింటి పడుచు రెండేండ్ల పిల్లవానిని భుజమున వేసికొని, చేత రెండు సీసాలు పట్టుకొని వచ్చి, జ్వరము 102 డిగ్రీలున్నదనియు, వీనిలో ఏది ఎంత పోయవలెననియు అడుగగా, మామగారు అలవాటు చొప్పున “అరచెంచా పోయుమమ్మా” యనిరి, ఆ మాట ముగియకముందే మేనకోడలు “ఏ సీసాలోనిది?” అనెను. పిల్లవానిని తూచిరి, మందు పోసిరి, తల్లి ఇంటికి పోయెను. ఆ ప్రశ్న మాత్రము అరుగుమీదనే నిలిచి దీపాలవేళ వరకు సాగినది. ప్రక్కన కూర్చుండి వినినవాడను గనుక చెప్పుచున్నాను: లెక్క మేనకోడలిదే సరియని నాకు తోచెను, కాని మామగారి శంకలలో రెండు మూడింటికి ఆమెయొద్ద సిద్ధమైన సమాధానము లేకపోయెను. వాదమును వ్రాసి పెట్టదగినదిగా చేసినవి ఆ శంకలే.

మేనమామ: అమ్మాయీ, ఆ తల్లి యెదుట నీవు నన్నడ్డగించినందుకు నాకు కష్టము లేదు, కాని అడ్డగించిన తీరు చూడగా, అరచెంచా అను మాట నేను నోటికి వచ్చినట్లు అంటినని నీవు తలచినట్లున్నది. అది లెక్కకు వచ్చిన మాట. యంగు సూత్రమని మాచేత మొదటనే కంఠస్థము చేయించిరి: బిడ్డ వయస్సును, ఆ వయస్సునకు పండ్రెండు కూడగా వచ్చిన మొత్తముచే భాగించి, ఆ భిన్నముచే పెద్దవారి మోతాదును గుణింపవలెను. రెండేండ్లవానికి రెండును పదునాలుగుచే భాగింపగా ఏడవ వంతు, నాలుగేండ్లవానికి నాలుగవ వంతు, పండ్రెండేండ్లవానికి సగము. కాగితము అక్కరలేదు, కలము అక్కరలేదు. సూత్రము కట్టినవాడును సామాన్యుడు కాడు. కాంతి అలలవలె నడచునని ప్రయోగపూర్వకముగా చూపినవాడు, ఈజిప్టువారి చిత్రలిపిని విప్పుటకు పూనినవాడు, లండనులో వైద్యము చేసినవాడు, ఆ థామస్ యంగే ఇతడు.

మేనకోడలు: మామయ్యా, యంగు పాండిత్యమును తక్కువ చేయుటకు నేనెవ్వతెను? మీ భిన్నము ఏడవ వంతే యనుకొందము. దేనిలో ఏడవ వంతు? పెద్దవారికి పారసిటమాల్ ఒక పూటకు 500 మిల్లీగ్రాములిచ్చుటయు కలదు, 1000 ఇచ్చుటయు కలదు. మొదటి దానిలో ఏడవ వంతు 71, రెండవ దానిలో 143. పిల్లవాడు సరిగా 10 కిలోలు తూగినాడు. కిలోకు 10 మొదలు 15 మిల్లీగ్రాముల వరకు ఈయవచ్చును గనుక వానికి 150 దాటరాదు, 100కు తగ్గినచో ప్రయోజనముండదు. మీ 71 పోసినయెడల జ్వరము దిగదు. దిగలేదని తల్లి రెండు గంటలకే మరల పోయును. తక్కువ మోతాదునుండి ఎక్కువ మోతాదునకు దారి తరచుగా ఇట్లే ఏర్పడును. ఇక ఆమె చేతనున్న సీసాలు చూడుడు. ఒకటి చుక్కల మందు. అందు ఒక్క మిల్లీలీటరునకే 100 మిల్లీగ్రాములు. రెండవది సిరప్, అందు ఐదు మిల్లీలీటర్లకు 125. మీ అరచెంచా యనగా రెండున్నర మిల్లీలీటర్లు. మొదటి సీసాలోనిదైనచో 250 మిల్లీగ్రాములు, రెండవ సీసాలోనిదైనచో 62. మీ నోట వచ్చినది ఒక్కటే మాట, బిడ్డ కడుపులో పడునది నాలుగు రెట్ల తేడా. వానికి 150 పడవలెనన్నచో చుక్కల మందులో ఒకటిన్నర మిల్లీలీటరు చాలును, సిరప్‌లో ఆరు కావలెను. ఐదు మిల్లీలీటర్లకు 250 ఉండు గట్టి సిరప్ కూడ దుకాణములలో దొరకును, అందులో మూడే. చుక్కల మందు చంటిబిడ్డలకు చేసినది గనుక మెత్తనిదని తల్లులు తలంతురు. నిజమునకు అన్నిటిలో గాఢమైనది అదియే; చంటివాడు ఎక్కువ మ్రింగలేడు గనుక కొద్ది ద్రవములో ఎక్కువ మందు ఇమిడ్చిరి. ఈ తికమకను పోగొట్టుటకే అమెరికాలో 2011లో తయారీదారులు చంటిబిడ్డల గాఢమైన చుక్కలను మాని, చంటివారికైనను పెద్ద పిల్లలకైనను ఐదు మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములను ఒక్క బలమునకే వచ్చిరి.

మేనమామ: సీసాల మాట ఒప్పుకొంటిని. కాని అది అంగడిలో పుట్టిన దోషము, నా సూత్రములో పుట్టినది కాదు. మా కాలమున మందు మేమే కలిపెడివారము. ఒక పేరునకు ఒక్కటే బలము. రోగి తన సీసా తాను తెచ్చుకొనెడివాడు. మిక్స్చరు పోసి, ప్రక్కన నిలువుగా కాగితపు పట్టీ యొకటి అంటించెడివారము. ఆ పట్టీని ముందుగా మడత పెట్టి అంచున కత్తెరతో కత్తిరించినయెడల, విప్పగానే సమాన దూరమున గంట్లు పడును. ఒక గంటునుండి మరియొక గంటువరకు ఒక పూట మందు. చదువు రాని ముసలమ్మయైనను “పొద్దున ఒక గంటు, సాయంత్రమొక గంటు” అని తప్పు లేకుండ త్రాగించెడిది. చెంచాతో నాకు పని యుండెడిది కాదు. నేడు మీరు సీసాలమీద చెంచాలెక్క వ్రాయించుకొనుటచేతనే నా నోటికిని చెంచా వచ్చినది.

మేనకోడలు: ఆ పట్టీకి నేను నమస్కరించుచున్నాను. మీ చేతిలోని కత్తెర చేసిన పనినే నేడు సూదిలేని సిరంజి చేయుచున్నది. ఒకటిన్నర అని గీత చూపి ఇచ్చినయెడల తల్లి ఆ గీతవరకే లాగును. వంటింటి చెంచాను నమ్మరాదు. ఒక ఇంటి చెంచాలో పట్టినంత మరియొక ఇంటి చెంచాలో సగమే పట్టును, ఉగ్గుగిన్నెకు అసలు కొలతయే లేదు. బుగ్గ లోపలి ప్రక్కగా సిరంజితో కొంచెము కొంచెముగా వదలినచో బిడ్డ ఉమియడు, పొలమారదు. గంటు పట్టీలో మీరు చెప్పని మేలు మరియొకటి కూడ కలదు: కలిపినవాడే కొలతను నిర్ణయించెను. నేటి యాంటీబయాటిక్ పొడి సీసాలో ఆ మేలు పోయినది. కాచి చల్లార్చిన నీటిని గీతవరకు పోసి కలుపవలెనని వ్రాసి యుండును. తల్లి ముందు సగము నీరు పోసి, కుదిపి, నురుగు తగ్గినపిదప మరల గీతకు నింపవలెను. నురుగును చూచి గీతవరకు వచ్చినదనుకొని ఆపినచో మందు చిక్కనగును, గీత దాటించినచో పలుచనగును. నా లెక్క ఎంత సూక్ష్మమైనను ఆ నీటియొద్దనే చెడును. కుదుపక పోసినయెడల మొదటి దినములలో నీరు, కడపటి దినములలో మడ్డి.

మేనమామ: చూచితివా, కొలతయొద్ద మనకు తగవు లేదు. ఇక తగవంతయు వయస్సునకును బరువునకునే. మాకు క్లార్కు సూత్రము కూడ చెప్పిరి: బిడ్డ బరువును పౌనులలో తీసి 150చే భాగించుట. నీ పిల్లవాని 10 కిలోలు 22 పౌనులు. 22ను 150చే భాగించుము. సుమారు ఏడవ వంతే! వయస్సు దారిని పోయినను బరువు దారిని పోయినను ఒక్క ఊరికే చేరితిమి. అట్టియెడ త్రాసుకొరకు పరుగెత్తుట దేనికి?

మేనకోడలు: ఈ పిల్లవాడు సగటు పిల్లవానికి దగ్గరగా నున్నాడు గనుక చేరితిమి. రెండేండ్లవారిలో 8 కిలోలవాడును నాయొద్దకు వచ్చును, 14 కిలోలవాడును వచ్చును. యంగు ఇరువురికిని ఒక్కటే వంతు పోయించును, చిక్కినవానికి అధికము, బలిసినవానికి అల్పము. పిండి కొలది రొట్టె యని మీరే యందురు గదా. కాని నా అభ్యంతరము దీనికంటె లోతైనది. యంగు గాని క్లార్కు గాని బిడ్డను పెద్దవానిలో ఒక తునకగా ఎంచిరి. పెద్దవాని మోతాదును తరిగినచో బిడ్డ మోతాదు వచ్చునని నమ్మిరి. క్లోరాంఫెనికాల్ మీకు గుర్తున్నదా?

మేనమామ: గుర్తుండకేమి? టైఫాయిడ్ జ్వరమున ఆశ వదలుకొనిన వారిని లేపి కూర్చుండబెట్టిన మందది. ఆ గుళికల చేదు ఇంకను నా వ్రేళ్లకున్నది.

మేనకోడలు: ఆ మందునే నెలలు నిండక పుట్టిన శిశువులకు, వ్యాధి సోకునేమో యను శంకతో ముందుగానే ఈయసాగిరి. మూడు నాలుగు దినములు గడచునప్పటికి పొట్ట ఉబ్బుట, పాలు మానుట, ఊపిరి తడబడుట, ఒంటికి బూడిదవన్నె వచ్చుట. కొన్ని గంటలలోనే అనేకులు చనిపోయిరి. వ్యాధిచే చనిపోయిరని మొదట తలచిరి. 1959లో లాస్ ఏంజిలిస్ వైద్యులు మందు పుచ్చుకొనినవారిని పుచ్చుకొననివారితో పోల్చి చూడగా, మందు పుచ్చుకొనినవారే ఎక్కువగా చనిపోయిరని తేలినది. పెద్దవాని కాలేయము ఈ మందును గ్లూకురానిక్ ఆమ్లముతో జతపరచి మూత్రములో పోగలుగునట్లు చేయును. అప్పుడే పుట్టినవాని కాలేయమునకు ఆ శక్తి ఇంకను రాలేదు. నిన్నటి మందు పోకముందే నేటిది పడును. పైన పైన పేరుకొని గుండెను, రక్తప్రసారమును క్రుంగదీయును. ఏ భిన్నమును ఈ సంగతిని చెప్పగలదు?

మేనమామ: చెప్పలేదు, ఒప్పుకొందును. కాని నేనొక మాట అడుగుదును, తడుముకొనక చెప్పుము. ఆ శిశువులకు మందిచ్చిన వైద్యులు వయస్సును చూచి ఇచ్చిరా, బరువును తూచి ఇచ్చిరా?

మేనకోడలు: …తూచియే ఇచ్చిరి. దినమునకు కిలోకు 100 మిల్లీగ్రాములు, అంతకంటె ఎక్కువయు.

మేనమామ: అట్లు చెప్పుము! నీ త్రాసు ఆ బిడ్డలను కాపాడలేదు. “ఇతడు పుట్టి రెండు దినములైనది, జాగ్రత్త” అని చెప్పగలిగినది ఏదైన నున్నచో అది వయస్సే గదా?

(ఈ ఘట్టమున పైచేయి మామగారిదే. మేనకోడలు కొంతసేపు మాటాడలేదు; తరువాత ఆమె చెప్పినది తొలుత చెప్పినదానికంటె మేలైన మాట యని నా తలంపు.)

మేనకోడలు: నిజమే, మామయ్యా. బరువు లెక్కకు ఆరంభమే గాని అంతము కాదు. మోతాదనగా ఒక పూట ఎంత యనుట మాత్రమే కాదు, మరల ఎప్పుడు అనుట కూడ. నవజాత శిశువు శరీరములో బరువునకు మూడు వంతులు నీరే, కొందరిలో అంతకంటెను ఎక్కువ; పెద్దవానిలో అయిదింట మూడు వంతులు. నీటిలో కరగి వ్యాపించు జెంటామైసిన్ వంటి మందు ఆ నీటిలో పలుచబడును గనుక, కిలోకు లెక్కించునప్పుడు ఒక్కొక్క మోతాదు శిశువునకు తక్కువ కారాదు; కాని దానిని వెడలగొట్టవలసిన మూత్రపిండములు ఇంకను ముదరలేదు గనుక రెండవ మోతాదును ఆలస్యము చేయవలెను, నెలలు నిండనివారికి ఒకటిన్నర దినమో రెండు దినములో ఆగవలసి వచ్చును. ఏడాది దాటినవాని సంగతి దీనికి తలక్రిందులు. వాని కాలేయము కొన్ని మందులను పెద్దవానికంటె చురుకుగా ఖర్చు చేయును. ఉబ్బసమునకు వాడు థియోఫిలిన్, మూర్ఛలకు వాడు కార్బమజిపిన్ కిలోకు లెక్కించినచో పెద్దవారికంటె పిల్లలకే ఎక్కువ కావలెను. అనగా శిశువు పెద్దవానికంటె నెమ్మదివాడు, బాలుడు పెద్దవానికంటె వేగవంతుడు. తరుగుచు పోవు ఒక్క గీతమీద ఇరువురును ఇముడరు. క్యాన్సరు మందులవద్ద మేము బరువును కూడ విడిచి శరీరముపై ఎంత చర్మమున్నదో దానిని లెక్కింతుము: ఎత్తు సెంటీమీటర్లను బరువు కిలోలతో గుణించి, 3600చే భాగించి, వర్గమూలము తీయవలెను.

మేనమామ: వర్గమూలమా! అరుగుమీద కూర్చుండి వర్గమూలము తీయువారు మన వంశమున లేరమ్మా.

మేనకోడలు: అరుగుమీద తీయనక్కరలేదు, ఆసుపత్రిలో తీయుదుము. మీటరు ఎత్తును 16 కిలోల బరువును గల నాలుగేండ్లవానికి సుమారు 0.67 చదరపు మీటరు వచ్చును, పెద్దవానికి 1.73 అని పెట్టుకొందురు. ఆ లెక్కన వానికి మూడవ వంతుకంటె ఎక్కువే. 70 కిలోల పెద్దవానితో బరువు పోల్చినచో నాలుగవ వంతు కూడ రాదు. చిన్న దేహమునకు బరువునుబట్టి చూడగా చర్మము ఎక్కువ, వేడిమి ఖర్చు ఎక్కువ, మందు ఖర్చును ఎక్కువ.

మేనమామ: ఇంత వినిన తరువాత నాకు మన పెద్దలే మేలని తోచుచున్నది. సుశ్రుతుడు పిల్లలను ఏండ్లచేత విభజింపలేదు. పాలు మాత్రమే త్రాగువాడు, పాలును అన్నమును తినువాడు, అన్నమే తినువాడు అని మూడు తెగలు చేసెను. మొదటివానికి రెండు వ్రేలికణుపులకు అంటుకొనునంత, రెండవవానికి రేగుగింజంత, మూడవవానికి రేగుపండంత మందు. పాలుమాత్రమే త్రాగువాని రోగమునకు దాదికే మందిమ్మనుటయు కలదు. కాశ్యపసంహితలో పుట్టినవానికి వాయువిడంగపు గింజంతతో మొదలిడి నెలనెలకు పెంచుచు పోయి, ఉసిరికకాయంతయైనంతనే పెంపు నిలుపవలెనని యున్నది. కాలగర్భమున మరుగుపడి, నేపాళమున దొరకిన చినిగిన తాళపత్రములనుండి హేమరాజశర్మగారు 1938లో అచ్చు వేయించిన గ్రంథమది. అందు త్రాసును లేదు, సిరంజియు లేదు.

మేనకోడలు: మామయ్యా, మీరు నా పక్షమున సాక్ష్యము తెచ్చిరి. సుశ్రుతుడు ఏండ్లను విడిచి, బిడ్డ కడుపు ఏమి అరిగించుకొనగలదని అడిగెను. నేను కాలేయమును మూత్రపిండములను చూపి అడుగుచున్నదియు అదియే. తల్లి పుచ్చుకొనిన మందు పాలద్వారా బిడ్డకు చేరుననుటను నేటికిని ప్రతి బాలింత చీటీలోను తలచుచునే యున్నాము. ఇక ఉసిరికకాయయొద్ద నిలుపుమనుట నాకెంతో నచ్చినది, ఏలయనగా నా కిలోలెక్కలో జనులు మరచునది ఆ ఆనకట్టయే. పండ్రెండేండ్లవాడు 70 కిలోలున్నాడనుకొనుడు; కిలోకు 15 చొప్పున 1050 వచ్చును, పెద్దవాని మోతాదునే మించినది. లెక్క ఎంత చెప్పినను పెద్దవాని మోతాదు దాటరాదు. ఒక పూటకు ఆనకట్ట యున్నట్లే దినమునకును ఉండవలెను: పారసిటమాల్ నాలుగు మొదలు ఆరు గంటల యెడము లేక మరల పోయరాదు, 24 గంటలలో నాలుగు మార్లు మించరాదు. అయితే రేగుగింజలతోను ఉసిరికలతోను చూర్ణములను, కల్కములను కొలువవచ్చును గాని, ఒక్క మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు కూరిన ద్రవమును కొలువరాదు. వారి మందులు వేరు.

మేనమామ: నీ ప్రభుత్వపు మందులో? ఫిబ్రవరి 10న నులిపురుగుల నిర్మూలన దినమని అంగన్వాడీలలోను బడులలోను అల్బెండజోల్ బిళ్లలు పంచుచున్నారు. ఏడాది దాటి రెండేండ్లు నిండనివానికి సగము బిళ్ల, అనగా 200 మిల్లీగ్రాములు. రెండేండ్లు నిండినది మొదలు పందొమ్మిదేండ్లవరకు ఒక్క బిళ్ల, 400. రెండేండ్లవానికిని, మీసము వచ్చినవానికిని ఒక్కటే! విటమిన్ ఏ ద్రావకము తొమ్మిదవ నెలలో లక్ష యూనిట్లు, పిమ్మట ఆరు నెలలకొకమారు రెండు లక్షలు. విరేచనములకిచ్చు జింకు ఆరు నెలలలోపువానికి 10 మిల్లీగ్రాములు, దాటినవానికి 20. ఎచ్చటను త్రాసు లేదు. అంతయు వయస్సే. ఇది నా సూత్రముకంటెను మోటైన లెక్క. దీనిని నీవు దేశమంతట సమ్మతించి, నా యేడవ వంతును మాత్రము ఆక్షేపింతువా?

మేనకోడలు: ఆక్షేపింతును, కారణము చెప్పెదను. అల్బెండజోల్ ప్రేగులలోని పురుగులమీద పనిచేయునది. ఒక్క మోతాదులో రక్తమున చేరునది స్వల్పము. అక్కరకు చాలు మోతాదునకును అపాయము చేయు మోతాదునకును నడుమ మైదానమంత చోటున్నది. ఆ మైదానములో వయస్సుచొప్పున నడచినను పడిపోము. లక్షలమంది పిల్లలను ఒక్క పూటలో తూచుటకంటె ఆ మోటు లెక్కయే క్షేమము, ఏలయనగా తూచు పనిపెట్టినచో సగముమందికి మందే అందదు. పారసిటమాల్‌కు అంత చోటు లేదు. దినదినము కొంచెము కొంచెముగా హెచ్చినను కాలేయమును చెరచును. గుండెకిచ్చు డిగాక్సిన్‌కు అడుగు పెట్టునంత చోటు కూడ లేదు. ఏ మందునకు ఎంత చోటున్నదో చూచి, అంత మోటు లెక్కనే వాడవలెను. యంగు చేసిన తప్పు భాజకములో లేదు. ఒక్క భాజకమును అన్ని మందులకు తగిలించుటలో నున్నది. మలేరియాకిచ్చు ఆర్టిమెథర్-ల్యూమెఫాంట్రిన్ బిళ్లలను చూడుడు. అందు కిలోకిన్నియని భిన్నములు లేవు, 5 కిలోలనుండి 15 లోపు ఒక్క బిళ్ల, 15 నుండి 25 లోపు రెండు, 25 నుండి 35 లోపు మూడు, ఆపైన నాలుగు. బరువే గాని మెట్లుగా కట్టిరి.

మేనమామ: మెట్లు కట్టుట బాగున్నది, ఏల కట్టిరో కూడ నేనే చెప్పెదను. లెక్క పెరిగినకొలది తప్పునకు తావు పెరుగును. నా భిన్నము తప్పినను సగమో, రెట్టింపో తప్పును. “అరచెంచా” అనినచో ఎవ్వడును ఐదు చెంచాలు పోయడు. నీ దశాంశపు చుక్క ఒక్కటి మాసిపోయినచో పది రెట్లు! .5 అని వ్రాసినది 5గా కనబడును; 1.0 అని వ్రాసినది 10గా కనబడును. నడిరేయి దాటిన పిదప, నాలుగు మంచములు చూచుకొనుచున్న నర్సమ్మకు ఆ చుక్క కనబడునని నీవు ప్రమాణము చేయగలవా?

మేనకోడలు: చేయలేను. పిల్లల మోతాదులందు జరుగు పొరపాటులలో పది రెట్ల పొరపాటే మమ్ము ఎక్కువగా భయపెట్టునది. పెద్దవారి వార్డులో అట్టిది చేయవలెనన్నచో పది సీసాలు పగులగొట్టవలెను, అనుమానము తగులును. పసివాని వార్డులో పది రెట్లైనను ఒక్క సీసాలోనే ఇముడును, చేతికి ఏమియు తెలియదు. అందుచేతనే 0.5 అని సున్న ముందుంచి వ్రాయుమందుము, 1.0 అని వెనుక సున్న వ్రాయవద్దందుము. ఒకరు లెక్కించినదానిని మరియొకరు, మొదటివారి కాగితము చూడకుండ, తిరిగి లెక్కింపవలెను. అత్యవసరమున లెక్కయే వద్దని జేమ్స్ బ్రోస్లో అను అమెరికా వైద్యుడు రంగుల పట్టీ యొకటి కల్పించెను; మంచముమీద బిడ్డప్రక్కన పరచినచో మడమ ఏ రంగువద్దకు వచ్చునో ఆ రంగున మోతాదు ముందే లెక్కకట్టి వ్రాసి యుండును. మీ కాగితపు పట్టీకి అది దాయాది. కాని వినుడు, మామయ్యా: లెక్క కష్టమని లెక్కను మానుట వేరు, లెక్కను ముందుగా చేసి యుంచుట వేరు.

మేనమామ: ఆ మాటకు ఎదురు చెప్పను. అయినను, ఇంటిలో తల్లికి మీ పట్టీలు, మెట్లు ఎవ్వరు చెప్పుదురు? జలుబునకు ఒక సీసా, జ్వరమునకొక సీసా, దగ్గునకొక సీసా. మూడింటిలో ఏమున్నదో ఆమె ఎరుగదు.

మేనకోడలు: ఆ మూడింటిలో రెండింట పారసిటమాలే యుండవచ్చును. పేర్లు వేరైనంతమాత్రమున మందు వేరు కాదు. జలుబు సీసానుండి ఒకమారు, జ్వరపు సీసానుండి ఒకమారు పోసి, తనకు తెలియకయే రెట్టింపు పోసిన తల్లులు కలరు. పేరుక్రింద చిన్న అక్షరములలో నున్న మందు పేరును చదువవలెను, చదువ రానివారు దుకాణదారుచేత చదివించుకొనవలెను. పైగా పిల్లలకు లెక్కింపనే కూడని మందులు కలవు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేండ్లలోపువారికి ఈయరాదని మన ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులో సీసాలపై వ్రాయింప నాజ్ఞాపించెను. నిమెసులైడ్‌ను పండ్రెండేండ్లలోపువారికి 2011లోనే నిషేధించిరి. జ్వరములో పిల్లలకు ఆస్పిరిన్ ఈయరాదు. ఆటలమ్మ, ఫ్లూ వంటి జ్వరములలో అది రే వ్యాధికి దారితీసి మెదడును కాలేయమును ఒక్కమారుగా దెబ్బ తీయవచ్చునని 1980 ప్రాంతమున తేలినది. ఆ వ్యాధిని మొదట వర్ణించినవాడు 1963లో సిడ్నీ నగరపు వైద్యుడు రే. వీనికి యంగు ఏ వంతు చెప్పును? మూడు నెలలు నిండని శిశువునకు జ్వరము వచ్చినచో నా కిలోలెక్కకును పని లేదు. ఇంటిలో ఏ సీసాయు తెరువక వైద్యునియొద్దకు తీసికొని పోవలెను.

మేనమామ: “నాలుగేండ్లలోపు”, “పండ్రెండేండ్లలోపు”, “మూడు నెలలు నిండని” అని అన్నిటను వయస్సే పలుకుచున్నావు; గమనించితివా?

మేనకోడలు: గమనించితిని. ఈయవచ్చునా కూడదా యనునది వయస్సు చెప్పును. ఎంత యనునది బరువు చెప్పును.

మేనమామ: బరువు చెప్పును సరే, బరువును చెప్పువారెవ్వరు? మా వీధిలో ఇంటింట త్రాసు లేదు.

మేనకోడలు: అంగన్వాడీలో నున్నది. నెలనెల తూచి పిల్లల కార్డులో గీత గీయుచున్నారు. ఆ అంకెను తల్లి సెల్లులో ఫొటో తీసికొనినను చాలును. నా చీటీమీద నేను బరువు, తూచిన తేదీ, సీసా బలము, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకు, దినమునకు ఎన్నిమార్లకు మించరాదు అని వ్రాయుదును. మిల్లీగ్రాములు మాత్రమే వ్రాసి విడుచుట వైద్యుని సగము పని. తల్లి పోయునది మిల్లీలీటర్లను.

మేనమామ: అంగన్వాడీ బరువు పోయిన నెలనాటిది. మూడు నెలల పసికందు నెలలో ఎంత పెరుగునో నీకు నేను చెప్పవలెనా? పుట్టిన బరువునకు ఐదవ నెలకు రెట్టింపగును, ఏడాదికి మూడు రెట్లగును. నెలనాటి అంకెతో మందు కొలిచినచో తక్కువ పడదా?

మేనకోడలు: పడును. అట్టి పసికందును ఆ దినముననే తూచవలెను. రెండేండ్లు దాటినవాడు నెలలో ఒకటి రెండువందల గ్రాములకంటె పెరుగడు. వానికి నెలనాటి బరువైనను చాలును.

మేనమామ: అనగా ఏ బరువు నమ్మదగినదో, ఏది కాదో తెలిసికొనుటకు మరల వయస్సునే అడిగితివి.

మేనకోడలు: అడిగితిని, కాని భాజకముగా కాదు, మామయ్యా.

మేనమామ: భాజకముగా కాకున్నను, అడిగితివి గదా!